బొమ్మ చూడకుండా ఆస్కార్ లెక్క

ఒక విభాగంలో నామినేట్ అయిన సినిమాలన్నీ చూశాకే ఆ విభాగంలో ఓటు వేయాలి. వింటే ఇది ఆస్కార్ మొదలైన రోజు నుంచీ ఉన్న నియమమే అనిపిస్తుంది. కానీ అన్ని విభాగాలకూ వర్తించేలా అకాడమీ దీన్ని ప్రకటించింది 2025 ఏప్రిల్‌లో. తొలి వేడుక జరిగిందేమో 1929 మే 16న. మధ్యలో దాదాపు తొంభై ఆరేళ్లు. ఇన్నాళ్లూ ఉత్తమ చిత్రానికి ఓటేసిన పెద్దల్లో ఎందరు బరిలో ఉన్న బొమ్మలన్నీ చూశారో చెప్పగలిగినవాళ్లు లేరు. ‘ద హాలీవుడ్ రిపోర్టర్’ పత్రిక ఏటా పేరు బయటపెట్టని ఓటర్లతో మాట్లాడి వాళ్ల మనసులో మాట అచ్చేస్తుంటుంది. ఫలానా సినిమా మధ్యలోనే కట్టేశామనేవాళ్లూ, దాని జోలికే పోలేదనేవాళ్లూ అందులో తగులుతూనే ఉంటారు.

ఓటరుకే లేని పట్టింపు జోస్యం చెప్పేవాడికి ఎందుకుండాలి? వెటకారానికి అంటున్న మాట కాదిది. ఆస్కార్ విజేతల్ని గణితంతో ముందుగా అంచనా వేసే పద్ధతులు గత ఇరవై ఏళ్లలో బాగా నిలదొక్కుకున్నాయి. వాటిలో దేనికీ సినిమా చూడాల్సిన పని లేదు. హీరోయిన్ కంటతడి, కెమెరామన్ పనితనం, కథలో మలుపు, ఇవేవీ లెక్కలోకి రావు. నన్నడిగితే, లెక్క వేసేవాడు సినిమా చూడకపోవడమే మేలు. చూస్తే ఒకదాని మీద మనసు పడుతుంది. మనసు పడ్డాక అంకెల్ని అటు లాగకుండా ఉండడం ఎవరి వల్లా కాదు.

ఏ సినిమా గొప్పది అన్నది అభిరుచికి సంబంధించిన ప్రశ్న. ఏ సినిమా గెలుస్తుంది అన్నది ఎన్నికల ప్రశ్న. ఎన్నికల్ని అంచనా వేసేవాడు అభ్యర్థి ఎంత మంచివాడో తేల్చడు, ఓటర్లు ఎటున్నారో చూస్తాడు.

ఇంతకీ ఆ ఓటర్లెవరు? అకాడమీలో ఇప్పుడు పది వేల మందికి పైగా సభ్యులున్నారు. నటులు, దర్శకులు, ఎడిటర్లు, సంగీతకారులు, ఇలా వృత్తిని బట్టి వాళ్లంతా శాఖలుగా ఉంటారు. నామినేషన్ల దశలో దర్శకుల్ని దర్శకులే, ఎడిటర్లని ఎడిటర్లే ఎంపిక చేస్తారు. ఉత్తమ చిత్రానికి మాత్రం అందరూ పేర్లు ఇస్తారు. తుది ఓటింగ్‌కి వచ్చేసరికి అన్ని విభాగాల్లోనూ అందరికీ ఓటుంటుంది. ఓట్ల లెక్కింపు 1935 నుంచీ ఒకే ఆడిటింగ్ సంస్థ చేతిలో ఉంది. అప్పట్లో ఫలితాల్ని పత్రికలకు ముందే ఇచ్చి, వేడుక అయ్యేదాకా ఆగమనేవారు. 1940లో ‘లాస్ ఏంజిల్స్ టైమ్స్’ ఆ మాట దాటి సాయంత్రం ఎడిషన్‌లోనే విజేతల పేర్లు వేసేసింది. మరుసటి ఏడాది నుంచి సీల్డు కవర్లు వచ్చాయి.

ఇందులో అంచనా వేసేవాడికి అసలైన ఇబ్బంది సీల్డు కవరు కాదు. కవరు విప్పాక కూడా ఎవరికెన్ని ఓట్లొచ్చాయో అకాడమీ ఎన్నడూ చెప్పదు. వెయ్యి ఓట్ల తేడాతో గెలిచారో, ఒక్క ఓటుతో గట్టెక్కారో తెలియదు. మామూలు ఎన్నికల్లోనైతే కిందటిసారి మెజారిటీలు ఉంటాయి, బూత్‌ల వారీ లెక్కలుంటాయి. ఇక్కడ ఏడాదికి ఒక్క పేరు. పోనీ ఓటర్లనే అడుగుదామా అంటే, 2000లో ‘వాల్ స్ట్రీట్ జర్నల్’ సభ్యులకు ఫోన్లు చేసి ఆ పనీ చేసింది. అకాడమీకి అది మింగుడుపడలేదు. కాబట్టి దొడ్డిదారి వెతుక్కోక తప్పదు.

ఆ దొడ్డిదారే గిల్డులు. హాలీవుడ్‌లో ప్రతి వృత్తికీ ఒక సంఘం ఉంది. ఆస్కార్‌కు కొన్ని వారాల ముందే ఆ సంఘాలు తమ సొంత అవార్డులు ఇచ్చేస్తాయి. గిల్డు సభ్యులందరికీ అకాడమీలో చోటుండదు గానీ, అకాడమీ సభ్యుల్లో చాలామంది ఏదో ఒక గిల్డులో ఉంటారు. అంటే అసలు ఎన్నికకు ముందే, అదే వీధి జనంతో ఒక నమూనా పోలింగ్ జరిగిపోతోందన్నమాట.

వీటిలో ఎక్కువ నమ్మదగినది దర్శకుల గిల్డు. 1948లో మొదలైన ఈ అవార్డును గెలిచినవాళ్లే ఆ ఏడాది ఆస్కార్ కూడా అందుకోవడం రివాజు. 2024 సినిమాల దాకా చూస్తే ఈ రివాజు తప్పింది ఎనిమిదిసార్లే: 1968, 1972, 1985, 1995, 2000, 2002, 2012, 2019 సంవత్సరాల సినిమాలకు. డెబ్భై ఏడింట ఎనిమిది. ఏ సినిమా చూడకుండా, ఏ సమీక్షా చదవకుండా, గిల్డు ఇచ్చిన పేరునే తిరిగి చెప్పినా దాదాపు తొంభై శాతం నెగ్గుతారు.

ఆ ఎనిమిదింటిని ఇంకాస్త దగ్గరగా చూడాలి. 1985లో గిల్డు అవార్డు ‘ద కలర్ పర్పుల్’కు స్పీల్‌బర్గ్ గెలుచుకున్నాడు. 1995లో ‘అపోలో 13’కు రాన్ హోవర్డ్, 2012లో ‘ఆర్గో’కు బెన్ ఆఫ్లెక్ గెలిచారు. ఈ ముగ్గురికీ ఆస్కార్ దర్శకుల విభాగంలో నామినేషనే దక్కలేదు. నామినేషన్లు ఇచ్చేది కొన్ని వందల మంది ఉండే దర్శకుల శాఖ, వాళ్ల రుచి వేరు. బరిలోనే లేనివాడు ఎలా గెలుస్తాడు? తుది అంచనా వేసే వేళకు నామినేషన్ల జాబితా ఎలాగూ మన చేతిలో ఉంటుంది కాబట్టి ఈ మూడేళ్లను పక్కన పెట్టేయొచ్చు. మిగిలింది డెబ్భై నాలుగింట ఐదు తప్పులు. అంటే గిల్డు విజేత ఆస్కార్ బరిలోనూ ఉంటే, తప్పే అవకాశం ఏడు శాతమే. ‘ఇది తెలిశాక అది జరిగే అవకాశమెంత?’ అని అడగడమే గణాంకవేత్తలు షరతుతో కూడిన సంభావ్యత అనేది. అదే పాత సమాచారం, ప్రశ్నను కాస్త సరిగ్గా అడిగాం, అంతే. తప్పులు పది శాతం నుంచి ఏడుకు దిగాయి.

నటీనటులు, ఉత్తమ చిత్రం విషయంలో ఒక్క సూచికతో పని జరగదు. గోల్డెన్ గ్లోబ్, క్రిటిక్స్ చాయిస్, నటుల గిల్డు, నిర్మాతల గిల్డు, బ్రిటిష్ అకాడమీ ఇచ్చే బాఫ్టా, మొత్తం నామినేషన్ల సంఖ్య, నటుడు లోగడ ఎన్నిసార్లు గెలిచాడు, ఎన్నిసార్లు ఓడాడు, ఇలా పది రకాల సమాచారం ఉంటుంది. దేనికెంత బరువివ్వాలి? ఈ లెక్కకు పునాది సినిమాలతో బొత్తిగా సంబంధం లేని చోట పడింది. 1970లలో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ అనే కొత్త రైలు వచ్చింది. జనం కారు వదిలి రైలెక్కుతారా, బస్సులోనే పోతారా అన్నది డేనియల్ మెక్‌ఫాడెన్ అనే ఆర్థికవేత్త లెక్కగట్టాడు. అధికారిక అంచనా పదిహేను శాతం మంది రైలెక్కుతారని. మెక్‌ఫాడెన్ లెక్క 6.3 శాతం. చివరికి ఎక్కింది 6.2 శాతం. ఉన్న కొన్ని ఎంపికల్లో మనిషి ఒకదాన్ని ఎలా ఎంచుకుంటాడన్న ఈ సిద్ధాంతానికే 2000లో ఆయన నోబెల్ పంచుకున్నాడు.

అదే పరికరాన్ని ఐయన్ పార్డో, డీన్ సైమన్టన్ అనే పరిశోధకులు ఆస్కార్ మీదికి తెచ్చారు. బ్రిటన్ రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో 2008లో వాళ్ల పరిశోధన అచ్చయింది. పద్ధతి పైకి కనిపించేంత జటిలం కాదు. బరిలో ఉన్న ఐదుగురికీ వాళ్ల వాళ్ల గుణగణాలను బట్టి పాయింట్లు వేస్తారు. పాయింటు పెరిగినప్పుడల్లా గెలుపు అవకాశం 2.7 రెట్లు లెక్కన పెరుగుతుంది. ఐదుగురికీ వరసగా 3, 2, 1, 0, 0 పాయింట్లు వచ్చాయనుకోండి. వాళ్ల అవకాశాలు సుమారుగా 62, 23, 8, 3, 3 శాతాలవుతాయి. ఇందులో కిటుకేమిటంటే, పోలిక ఆ ఏడాది బరిలో ఉన్నవాళ్ల మధ్యే. ఇద్దరు ఉద్దండులు ఒకే ఏడు తలపడితే ఇద్దరి అవకాశాలూ పడిపోతాయి. పోటీ లేని ఏడాదిలో ఓ మోస్తరు నటుడికీ అవకాశం పెరుగుతుంది. గెలిచేది ఒక్కరే అన్న నిజం సమీకరణంలోనే ఇమిడి ఉంది. ఏ గుణానికి ఎన్ని పాయింట్లన్నది మనం ఊహించి పెట్టం, గతంలోని ఫలితాలకు ఎక్కువగా సరిపోయే బరువుల్ని కంప్యూటరే వెతికి తీస్తుంది. నాలుగు ప్రధాన విభాగాల్లో 1938 నుంచి లెక్కిస్తే వాళ్ల మోడల్ సుమారు 70 శాతం విజేతల్ని సరిగ్గా పట్టింది. గిల్డు అవార్డులు పెరిగిన ఇటీవలి దశాబ్దాల్లో ఫలితం ఇంకా మెరుగు.

ఇక్కడిదాకా అంతా సాఫీగానే ఉంది. చిక్కల్లా బాఫ్టా దగ్గర మొదలవుతుంది. ఈ కళలోని ఉచ్చులన్నీ ఆ ఒక్క అవార్డు చుట్టూనే కనిపిస్తాయి కాబట్టి కాసేపు అక్కడే ఆగుదాం.

2019లో ‘ద వైఫ్’ సినిమాకు గ్లెన్ క్లోజ్ డ్రామా విభాగంలో గోల్డెన్ గ్లోబ్ గెలిచింది. క్రిటిక్స్ చాయిస్‌ను లేడీ గాగాతో పంచుకుంది. నటుల గిల్డు అవార్డూ ఆమెకే వచ్చింది. పైగా అది ఏడో నామినేషన్, అప్పటికి ఒక్కసారీ గెలవలేదు. ఈసారి ఖాయమన్నారు. బాఫ్టా ఒక్కటే ‘ద ఫేవరిట్’లో రాణి వేషం వేసిన ఒలీవియా కోల్మన్‌కు వెళ్లింది. ఆస్కార్ కోల్మన్‌కు వచ్చింది. 2021లో చాడ్విక్ బోస్‌మన్ చనిపోయాక కూడా గ్లోబ్, క్రిటిక్స్ చాయిస్, నటుల గిల్డు మూడూ గెలిచాడు. ఆ ఏడు వేడుక నిర్వాహకులు ఆనవాయితీ మార్చి ఉత్తమ నటుడి ప్రకటనను అన్నిటికన్నా చివర పెట్టారు. బాఫ్టా మాత్రం ‘ద ఫాదర్’కు ఆంథొనీ హాప్కిన్స్ తీసుకున్నాడు. ఆస్కార్ కూడా ఆయనకే. హాలులో ఆయన లేడు, వేదిక మీద అందుకునేవాళ్లు లేక వేడుక అలాగే ముగిసిపోయింది. 2025లో డెమీ మూర్‌ది అచ్చంగా అదే కథ. గ్లోబ్, క్రిటిక్స్ చాయిస్, నటుల గిల్డు ఆమెవి. బాఫ్టా ‘అనోరా’లో నటించిన మైకీ మాడిసన్‌ది. ఆస్కార్ మాడిసన్‌కే.

మూడుసార్లూ మూడు సూచికలు ఒకవైపు, ఒక్కటి ఇంకోవైపు. మూడుసార్లూ ఆ ఒక్కటే నెగ్గింది. మూడు ఒకటి కన్నా ఎక్కువ కదా, మరి లెక్క ఎక్కడ తప్పింది?

కాగితం మీద వేసి చూద్దాం. పోటీ ఇద్దరి మధ్యే అనుకోండి. ప్రతి అవార్డూ విడిగా 70 శాతం సార్లు అసలు విజేతనే పడుతుందనుకుందాం. ఒక అవార్డు డెమీ మూర్‌కు వస్తే ఆమె అవకాశం 7కు 3. మూడూ వస్తే ఆ నిష్పత్తిని మూడుసార్లు గుణించాలి: 343కు 27. అంటే 93 శాతం. బాఫ్టా ఎదుటివైపు పోతే ఒకసారి తిరగేసి గుణించాలి. అప్పుడు 49కి 9, అంటే 84 శాతం. ఈ లెక్కన మూర్ ఓడిపోవడం పెద్ద వింత.

ఈ గుణకారానికి ఒక షరతుంది. ఆ అవార్డులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తీర్పులిచ్చి ఉండాలి. అలా ఇచ్చాయా? జనవరి మొదట్లో గ్లోబ్ వేదిక మీద మూర్ ప్రసంగం టీవీల్లో, ఫోన్లలో మార్మోగింది. ఆ తర్వాత ఓటు వేసినవాళ్లు ఆ ఊపులోనే వేశారేమో. అదే నిజమై, మూడు అవార్డులూ నిజానికి ఒకే తీర్పు మూడుసార్లు ప్రతిధ్వనించడమే అయితే, మూడింటినీ కలిపి ఒక్కటిగానే లెక్కపెట్టాలి. అప్పుడు 7కు 3 ఒకవైపు, 3కు 7 ఇంకోవైపు. రెండూ కొట్టివేసుకుపోతాయి. మిగిలింది చెరి సగం. ఒకే సమాచారం, ఒక ఊహ మార్చేసరికి 84 శాతం 50 శాతమైంది. వాస్తవం ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో ఉంటుంది. సాక్షులు ఎందరన్నది కాదు, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా వచ్చారా లేదా అన్నది ముఖ్యం. అట్లాంటిక్ అవతల వేరే ఓటర్లతో జరిగే బాఫ్టాకు ఆ విలువ కొంత ఎక్కువ.

అయితే ఇకనుంచి బాఫ్టానే నమ్ముకుంటే సరిపోతుందా? అదే రెండో ఉచ్చు. 2022లో ఉత్తమ నటి బాఫ్టా గెలిచిన జొవానా స్కాన్లన్‌కు ఆస్కార్ నామినేషనే లేదు. 2023లో బాఫ్టా ఆస్టిన్ బట్లర్‌కూ కేట్ బ్లాంచెట్‌కూ ఇచ్చింది. ఆస్కార్ వెళ్లింది నటుల గిల్డు ఎన్నుకున్న బ్రెండన్ ఫ్రేజర్, మిషెల్ యో దగ్గరికి. 2014లో మాథ్యూ మెకానహేదీ మూడు ఒకవైపు, ఒకటి ఇంకోవైపు పరిస్థితే. బాఫ్టా చువెటెల్ ఎజియోఫర్‌కు పోయింది. అయినా మెకానహేనే గెలిచాడు. తేడా ఎక్కడుందంటే, క్లోజ్, బోస్‌మన్, మూర్ బాఫ్టా బరిలో ఉండి ఓడిపోయారు. మెకానహే ఆ బరిలోనే లేడు. పోటీ చేసి ఓడినవాడినీ పోటీలో లేనివాడినీ ఒకే గడిలో సున్నా వేసి రాసుకుంటే మోడల్‌కు ఇద్దరూ ఒక్కటే. డేటా పట్టికలో సున్నాకూ ఖాళీకీ ఉన్న తేడా తెలియక బోర్లాపడ్డ లెక్కలు ఈ రంగంలో చాలానే ఉన్నాయి.

మూడో ఉచ్చు ఇంకా తమాషాగా ఉంటుంది. 2001కి ముందు కొన్నేళ్లపాటు బాఫ్టా వేడుక ఆస్కార్ అయిపోయాక జరిగేది. ఎవరో ఉత్సాహవంతుడు అప్పటి బాఫ్టా ఫలితాల్నీ పట్టికలో పోసి కంప్యూటర్‌కు ఇచ్చాడనుకోండి. ఆ ఏళ్లలో బాఫ్టా ఓటర్లకు ఆస్కార్ ఎవరికొచ్చిందో అప్పటికే తెలుసు. రేపటి ఫలితాన్ని చెప్పడానికి ఎల్లుండి పేపరు చదివినట్టే అది. యంత్రం మాత్రం ఏ అనుమానమూ లేకుండా దాన్నే నేర్చుకుంటుంది. 2001కి ముందు ఏళ్లన్నీ తీసేస్తే ఈ సూచికకు మిగిలేది పాతికేళ్ల సమాచారం, అంటే ఒక్కో విభాగానికి పాతిక వరుసలు. మనం పెట్టదలచిన సూచికలేమో పది, పదిహేను. ఇంత కొద్ది డేటాలో ఇన్ని తలుపులు తెరిచిపెడితే గతాన్ని నూటికి నూరు పాళ్లు వివరించే సూత్రం ఏదో ఒకటి దొరికే తీరుతుంది. వచ్చే ఏడాదికి అది చెల్లకపోవడం కూడా అంతే ఖాయం.

అలా చెల్లకుండా పోయిన సూత్రాలకు కొదవ లేదు. ఎడిటింగ్ నామినేషన్ లేని సినిమా ఉత్తమ చిత్రం కాదన్నది ఒక తిరుగులేని సూత్రంగా చలామణీ అయింది. 1980 నాటి ‘ఆర్డినరీ పీపుల్’ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా అది నిలబడింది. 2014లో, మొత్తం ఒకే షాట్‌లా కనిపించేలా తీసిన ‘బర్డ్‌మన్’ దాన్ని పడగొట్టింది. 2021 చిత్రం ‘కోడా’కైతే ఎడిటింగ్ లేదు, దర్శకత్వమూ లేదు, మొత్తం నామినేషన్లే మూడు. ఆ మూడూ గెలిచి, ఉత్తమ చిత్రమై కూర్చుంది.

‘కోడా’ లాంటి సినిమా ఎలా గెలిచిందో అర్థం కావాలంటే ఉత్తమ చిత్రానికి ఓట్లు లెక్కించే తీరు తెలియాలి. మిగతా విభాగాల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలుస్తారు, ఐదుగురిలో ఓట్లు చీలితే 21 శాతంతోనూ గట్టెక్కొచ్చు. ఉత్తమ చిత్రానికి మాత్రం 2009 సినిమాల నుంచి ప్రాధాన్య ఓట్లు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల కౌంటింగ్ ఎప్పుడైనా టీవీలో చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఓటరు 1, 2, 3 అని వరస ఇస్తాడు. మొదటి ప్రాధాన్యంలో సగానికి మించి ఎవరికీ రాకపోతే అట్టడుగున ఉన్నదాన్ని ఎలిమినేట్ చేసి, ఆ బ్యాలట్లను వాటిమీది తర్వాతి ప్రాధాన్యానికి పంచుతారు. సగం దాటేదాకా ఇలాగే. 1969 రాష్ట్రపతి ఎన్నికలో ఇద్దరు తెలుగు ఉద్దండులు తలపడ్డారు. వి.వి. గిరికి మొదటి ప్రాధాన్య ఓట్లతో కోటా అందలేదు, రెండో ప్రాధాన్య ఓట్లు కలిశాకే నీలం సంజీవరెడ్డి మీద గెలిచారు.

వంద మంది ఓటర్లు, మూడు సినిమాలు అనుకుందాం. మొదటిదాన్ని నలభై మంది తలకెత్తుకున్నారు, మిగతా అరవై మందికి అది గిట్టదు. రెండోదానికి ముప్పై ఐదు, మూడోదానికి పాతిక. మూడోది ఎలిమినేట్ అయ్యాక ఆ పాతికా రెండోదానికి చేరతాయి. అరవై ఓట్లతో అదే గెలుస్తుంది. అందుకే ఈ విభాగంలో ఎంతమంది పిచ్చిగా ప్రేమించారన్నది చాలదు, ఎంతమంది విసుక్కున్నారన్నదీ చూడాలి. అందరికీ అంతో ఇంతో నచ్చే సినిమాలకు ఇది కలిసొచ్చే పద్ధతి. నిర్మాతల గిల్డు కూడా 2009 నుంచే ఇదే పద్ధతి పట్టింది, అందుకే ఉత్తమ చిత్రం విషయంలో దాని మాటకు బరువెక్కువ. అదీ తప్పుతుంది. 2017లో ‘లా లా ల్యాండ్’ దగ్గర తప్పింది, 2020లో ‘1917’ దగ్గర తప్పింది.

2020 తప్పులో ఇంకో పాఠం ఉంది. ‘1917’కు నిర్మాతల గిల్డు, దర్శకుల గిల్డు, గ్లోబ్, బాఫ్టా అన్నీ వచ్చాయి. గెలిచింది కొరియా భాషలోని ‘పారసైట్’, అంతకుముందు ఇంగ్లీషేతర చిత్రం ఏదీ ఎక్కని మెట్టు అది. మోడల్ పాత ఓటర్ల మీద శిక్షణ పొందింది, ఓటర్ల జాబితా మారిపోయింది. 2016లో నటుల నామినేషన్లన్నీ తెల్లవాళ్లకే వచ్చాయన్న గొడవ తర్వాత అకాడమీ ఏటా వందల మందిని కొత్తగా పిలిచింది, అందులో విదేశీయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆరు వేల చిల్లర ఉన్న సభ్యత్వం పది వేలు దాటింది. తొంభైల నాటి ఫలితాలకు ఇంకా అంతే బరువివ్వడం, పునర్విభజన జరిగిన నియోజకవర్గానికి పాత మెజారిటీలు చెప్పడం లాంటిది.

మోడల్ తప్పింది అనేముందు దాని మార్కులు ఎలా వేయాలో కూడా తెలియాలి. 2008 అమెరికా ఎన్నికల్లో యాభైలో నలభై తొమ్మిది రాష్ట్రాలు సరిగ్గా చెప్పిన నేట్ సిల్వర్ మరుసటి ఫిబ్రవరిలో ఆస్కార్ మీద చెయ్యి వేశాడు. ఆరింటిలో నాలుగు తగిలాయి. ఉత్తమ నటుడు మిక్కీ రూర్క్ అని 70 శాతానికి పైగా అవకాశమిచ్చాడు, గెలిచింది షాన్ పెన్. సహాయనటి విషయంలో టరాజీ హెన్సన్‌కు సగానికి కాస్త పైన ఇచ్చాడు, గెలిచింది పెనెలొపీ క్రూజ్. పత్రికలు ఎకసెక్కాలాడాయి. కానీ 70 శాతం అంటే పదింట మూడుసార్లు తప్పాలనే కదా అర్థం. ఎన్నడూ తప్పకపోతే అప్పుడు అతను 70 అనడం తప్పు.

దీనికి గ్లెన్ బ్రయర్ అనే అమెరికా వాతావరణ శాస్త్రవేత్త 1950లోనే ఒక కొలమానం చెప్పాడు. వాన పడుతుందని 90 శాతం ధీమాగా చెప్పి, పడకపోతే 0.9ని దానితోనే గుణించి 0.81 జరిమానా. 60 శాతమన్నాక పడకపోతే జరిమానా 0.36. పడిందనుకోండి, 90 అన్నవాడికి 0.01, 60 అన్నవాడికి 0.16. మొత్తం జరిమానా తక్కువైనవాడే మంచి జోస్యుడు. వట్టి ధీమాకు శిక్ష పడుతుంది, అతి జాగ్రత్తకూ పడుతుంది. మన యూట్యూబ్ విశ్లేషకుల్లో ఒక్కరైనా శాతాలు చెప్పి, ఫలితాలొచ్చాక ఈ లెక్క వేసుకుంటే చూడాలని ఉంది.

మోడళ్లతో పనిలేకుండా మార్కెట్లను చూసి చెప్పే దారి కూడా ఉంది. 1996లో మొదలైన ‘హాలీవుడ్ స్టాక్ ఎక్స్ఛేంజ్’లో ఉత్తుత్తి డబ్బుతో సినిమాల, తారల షేర్లు కొనీ అమ్మీ ఆడతారు. ఆస్కార్ నామినీల షేరు ధర 60 శాతం అవకాశం సూచిస్తే నిజంగానే అలాంటివాళ్లు అటూ ఇటూగా అన్నిసార్లే గెలుస్తున్నారని 2001లో ‘సైన్స్’ పత్రికలో కొందరు పరిశోధకులు చూపించారు. ఇదీ ఆకాశం నుంచి ఊడిపడ్డ జ్ఞానం కాదు. ఆ జనమంతా చూసేది అవే గిల్డు ఫలితాలు.

మనకు బాగా దగ్గరైన ఉదాహరణ ఒకటి ఈ పద్ధతిలో వేసి చూడొచ్చు. 2023 జనవరి 10న ‘నాటు నాటు’ గోల్డెన్ గ్లోబ్ గెలిచింది, అయిదు రోజులకు క్రిటిక్స్ చాయిస్ కూడా. పాటల విభాగంలో జోస్యుడి సంచీ దాదాపు ఖాళీ. బాఫ్టాలో పాటకు అవార్డే లేదు. కాబట్టి గ్లోబే దిక్కు. అంతకుముందు పదేళ్లలో, అంటే 2013 నుంచి 2022 దాకా, గ్లోబ్ గెలిచిన పాటే ఆస్కార్ గెలిచింది ఏడుసార్లు. ‘స్కైఫాల్’, ‘గ్లోరీ’, ‘షాలో’ ఆ కోవలోవి. తప్పిన మూడు 2014, 2018, 2021. ఎదురుగా రిహానా ఉంది, అప్పటికే ఒక ఆస్కార్ ఉన్న లేడీ గాగా ఉంది, పదమూడుసార్లు ఓడి పద్నాలుగోసారి బరిలో నిలిచిన డయాన్ వారెన్ ఉంది. ఇన్నిసార్లు ఓడింది కాబట్టి ఈసారి ఇస్తారన్న వాదన వింటాం గానీ, నటుడు పీటర్ ఒటూల్ ఎనిమిదిసార్లు నామినేటై ఒక్కటీ గెలవకుండానే వెళ్లిపోయాడు. రామ్‌చరణ్, ఎన్టీఆర్‌ల స్టెప్పు చూడని, కీరవాణి బాణీ వినని, చంద్రబోస్ మాటల అర్థం తెలియని అమెరికా కుర్రాడెవరో లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నా, పదింట ఏడు పాళ్లు ‘నాటు నాటు’కే అని చెప్పగలిగేవాడు. మార్చి 13 తెల్లవారి మనం టీవీల ముందు కూర్చున్నది ఆ మిగతా మూడు పాళ్ల భయంతోనే.

ఆ జూన్‌లో అకాడమీ ఆహ్వానించిన కొత్త సభ్యుల జాబితాలో కీరవాణి, చంద్రబోస్, రామ్‌చరణ్, ఎన్టీఆర్, ఛాయాగ్రాహకుడు సెంథిల్ కుమార్ ఉన్నారు. మరుసటి ఏడు రాజమౌళి, రమా రాజమౌళి, నాట్యదర్శకుడు ప్రేమ్ రక్షిత్. పది వేల ఓట్లలో ఈ గుప్పెడు ఓట్లు ఫలితాన్ని తిప్పేస్తాయని కాదు గానీ, జోస్యం చెప్పేవాళ్ల పట్టికలో ఓటర్లు అనే గడిలో ఇప్పుడు ఫిల్మ్‌నగర్ కూడా ఉంది.

ఇదే లెక్కను మన జాతీయ అవార్డుల మీదికి తేబోతే ఏమవుతుంది? చతికిలబడుతుంది. అక్కడ వేల మంది ఓటర్లు లేరు, ఏటా మారిపోయే చిన్న జ్యూరీ ఉంటుంది. గదిలో కూర్చుని మాట్లాడుకుంటారు, ఒకరు గట్టిగా పట్టుబడితే ఫలితం మారుతుంది. ముందస్తు నామినేషన్ల జాబితా బయటికి రాదు. అదే జనం ముందుగా ఓటేసే గిల్డు అవార్డులు లేవు. పెద్ద గుంపులో మనుషుల చాపల్యాలు ఒకదాన్నొకటి కొట్టివేసుకుని సగటు మిగులుతుంది. పది మంది గదిలో అలా కొట్టివేసుకోవు. కాన్ చిత్రోత్సవం జ్యూరీలదీ ఇదే తీరు. 2023 ఆగస్టు 24న 69వ జాతీయ అవార్డుల్లో ‘పుష్ప’కు అల్లు అర్జున్ ఉత్తమ నటుడయ్యాడు, తెలుగు నటుడికి అది మొదటిసారి. అరవై ఎనిమిది అవార్డుల చరిత్రను పట్టికలో పోసిన ఏ మోడలైనా, తెలుగు నటుడు అన్న గడి ఎదురుగా చూసేది సున్నానే. ముందురోజు ఎవరైనా వచ్చి అల్లు అర్జున్‌కు 60 శాతం అవకాశం ఉందని ఉంటే, ఆ అరవై ఎక్కడి నుంచి తెచ్చావని అడగాల్సి వచ్చేది.